అట్ట చింపకు, పుస్తకం పుస్తకంగానే ఉండాలి

చిరంజీవి మేనకోడలికి,

అమలాపురం నుంచి మామయ్య ఆశీస్సులు. పాత చందమామ, యువ పత్రికలు పోగుచేస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత సంతోషించానో!

ముందుగా ఒక్క మాట. వడ్డాది పాపయ్య గారి బొమ్మ ఎంత బాగున్నా అట్ట చింపి ఫ్రేము కట్టించకు. కుర్రతనంలో నేను ఒక యువ దీపావళి సంచికకి ఆ పని చేశాను. కిటికీ ఎదురుగా తగిలిస్తే నాలుగు వేసవులకి ఎరుపు, పసుపు వెలిసిపోయి నీలం మిగిలింది. అట్ట లేని పుస్తకమేమో చిత్తు కాగితాల్లో పోయింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

కొనేటప్పుడు నడిమి పేజీ తెరిచి చూడు. పిన్నులు తుప్పు పట్టాయా, అట్ట మీద నెలా లోపలి నెలా ఒకటేనా? మన ఇళ్లలో సీరియల్ పేజీలు చింపి బైండు చేయించుకునేవారు. అందుకే చాలా సంచికలు మధ్యలో బోలుగా దొరుకుతాయి. ఆ బైండులని మాత్రం చులకన చెయ్యకు, వాటిలో బాపు గారి బొమ్మలు కనబడవచ్చు. ఆయన మన నరసాపురంలో పుట్టినవారు!

చందమామ 1947 జూలైలో మొదలైంది. తొలి ఏళ్ల సంచికకి ధర వేలల్లో చెబితే భూతద్దం పెట్టి చూడు. అసలు అచ్చులో రంగు చుక్కలు వరుసగా ఉంటాయి, ఇంక్‌జెట్ ప్రింటర్ నకల్లో చిందరవందరగా ఉంటాయి. అన్నీ కొనాలనే టెన్షన్ వద్దు. పాపయ్య గారి వ.పా. సంతకం ఉన్నవో, ఎం.టి.వి. ఆచార్య గారి మహాభారతం అట్టలో, ఒక దారి పట్టుకో.

మన వైపు అసలు శత్రువు చెమ్మ. 1986 వరదలో మంచం కిందున్న నా ట్రంకు పెట్టె తడిసింది. ఆరాక చూస్తే నున్నటి అట్టలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి, విడదీయబోతే రంగు ఊడొచ్చింది. తడి ఉండగానే మధ్యలో కాగితాలు పెట్టి, నీడలో ఫ్యాను కింద ఆరబెట్టాల్సిందని తర్వాత తెలిసింది. కాబట్టి నేల మీదా వద్దు, ఎండకి కాలే అటక మీదా వద్దు. గోడకి జానెడు ఎడంగా బీరువా పెట్టు. ప్లాస్టిక్ కవర్లో బిగించి కడితే బూజు పడుతుంది, మూతి కొంచెం తెరిచి ఉంచు. చిరిగినచోట సెల్లో టేపు అంటించకు, ఏళ్లు గడిస్తే గోధుమరంగు మరక దిగి ఇక పోదు. గంజి జిగురుకైతే రామబాణం పురుగు వస్తుంది. బైండింగు వాళ్లు అందుకే జిగురులో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కలుపుతారు. లామినేషన్ మాట ఎత్తకు.

సంక్రాంతికి తప్పకుండా రా. నా దగ్గర రెండేసి ఉన్న యువ సంచికలు నాలుగు నీకోసం పక్కన పెట్టాను. వచ్చేటప్పుడు వెడల్పాటి సంచీ, మడత పడకుండా రెండు అట్టముక్కలు తెచ్చుకో.

మామయ్య