చర్మం మీద ఆసక్తి ఉంటే కాస్మెటాలజీయే చదవాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది, నీట్‌లో సీటు రాలేదు. ఎండలోని యూవీ కిరణాలకు చర్మంలోని ఎంజైములు ఎలా మారతాయో ఎక్కడో చదివి, బీఎస్సీ బయోకెమిస్ట్రీ చేస్తానని పట్టుబడుతోంది. ఏడాది కాస్మెటాలజీ డిప్లొమా చేయిస్తే క్లినిక్ పెట్టుకోవచ్చని బంధువులు అంటున్నారు. ఏది మేలు? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: సీటు పోయింది, ఇక పిల్ల వెనకబడిపోతుందేమో అన్నదే మీ అసలు భయం. ఆ టెన్షన్ వదిలేయండి సార్, వెనకబడదు.

ఆ డిప్లొమా మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. ఫేషియల్స్ లాంటివి చేతికొస్తాయి గానీ చర్మవ్యాధికి మందు రాసే హక్కు రాదు, దానికి ఎంబీబీఎస్ లాంటి వైద్య డిగ్రీ ఉండాలి, చర్మ నిపుణులు కావాలంటే ఆపైన డెర్మటాలజీలో పీజీ చేయాలి. అది లేకుండానే స్కిన్ క్లినిక్ బోర్డు పెట్టి, తెల్లబడతారని స్టెరాయిడ్ క్రీములు అంటగట్టేవాళ్లు ఉన్నారు, అవి నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి ఎండ తగిలితే చాలు మండుతుంది. బ్యూటీ పని తక్కువని కాదు, ఇష్టమున్నవాళ్లు హాయిగా చేసుకోవచ్చు. మీ అమ్మాయి అడిగింది మాత్రం అది కాదు.

ఎండలో తిరిగొచ్చాక రెండు మూడు రోజులకు గానీ టాన్ ఎందుకు ముదరదు? ఎండలోని యూవీబీ కిరణాలకు డీఎన్‌ఏ దెబ్బతింటే, చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను తయారుచేసే టైరోసినేజ్ ఎంజైము పెరగడానికి అంత టైం పడుతుంది కాబట్టి. అదే ఎండ చర్మాన్ని బిగువుగా ఉంచే కొలాజెన్ ప్రోటీన్‌ను తెంపే ఎంజైములను కూడా రెచ్చగొడుతుంది, ముడతలు పడేది అందుకే. యూవీ దెబ్బతీసిన డీఎన్‌ఏను కణాలు ఎలా బాగుచేసుకుంటాయో తేల్చినందుకే శాస్త్రవేత్త అజీజ్ సంజార్‌కు 2015 కెమిస్ట్రీ నోబెల్‌లో వాటా దక్కింది. ఇంత మంచి ప్రశ్న పట్టుకున్న పిల్ల ముందు క్లినిక్ లెక్కలు వేస్తారా? బంధువులను అడిగారు సరే, అమ్మాయిని కూర్చోబెట్టి ఒక్కసారైనా అడిగారా?

ఒట్టి బీఎస్సీతో ఆగితే జీతం తక్కువే, ఆ మాట దాచను. ఎంఎస్సీతో కలిపి ఐదేళ్లనుకునే దిగండి. ఎంఎస్సీ ప్రవేశ పరీక్షలైన సీయూఈటీ పీజీ, జామ్ రాస్తే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఐఐటీల్లాంటి చోట్లకు దారి ఉంది, తర్వాత ఫార్మా, కాస్మెటిక్ కంపెనీల ల్యాబులు, రీసెర్చ్ అయితే హైదరాబాద్‌లోని సీసీఎంబీ లాంటి పరిశోధన సంస్థలు. అంతవరకు ఆగలేమనుకుంటే ఎప్‌సెట్‌తో బీఫార్మసీ కూడా చూడండి.

కాలేజీలో చేర్చేముందు ల్యాబ్‌లోకి వెళ్లి చూడండి. పుట్టగొడుగు నుంచి తీసిన టైరోసినేజ్‌కు ఎల్-డోపా అనే పదార్థం కలిపితే నారింజ రంగు తేలుతుంది, ఆ రంగు ఎంత గాఢంగా ఉందో స్పెక్ట్రోఫోటోమీటర్ అనే పరికరంలో 475 నానోమీటర్ల దగ్గర కొలుస్తారు. ఇలాంటివి పిల్లల చేత చేయిస్తున్నారా అని సెకండియర్ వాళ్లనే అడగండి, బోర్డు మీద చెప్పేసి రికార్డు రాయించే కాలేజీ అయితే అక్కడ ఫీజు కట్టొద్దు.