వోల్ఫ్స్‌బుర్గ్‌కు బయల్దేరే ముందు

చి. హారికకు,

మామయ్య ఆశీస్సులు.

ఫోక్స్‌వాగన్ నుంచి నీకు ఆఫర్ వచ్చిందని అక్క ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం వేసింది. ఇంజిన్ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ విభాగమని తెలిశాక, ఫోన్‌లో నాలుగు మాటలతో సరిపెట్టకుండా వివరంగా రాయాలనిపించింది. "కొందరు ఆ కంపెనీని ఆకాశానికి ఎత్తుతున్నారు, కొందరు డీజిల్ మోసం చేసినవాళ్ళు కదా అంటున్నారు. చేరే ముందు నేనేం తెలుసుకోవాలి, ఎలా తెలుసుకోవాలి?" అని అడిగావు. నేను ఆ కంపెనీ ఉద్యోగిని కాను గానీ, జర్మనీలో ఆ కంపెనీ ఉన్న వోల్ఫ్స్‌బుర్గ్ ఊరి పక్కనే బ్రౌన్‌ష్వైగ్‌లో కార్ల విడిభాగాల పనిలోనే నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. వోల్ఫ్స్‌బుర్గ్ మనుషులను దగ్గర నుంచి చూశాను.

ముందుగా ఒక మాట. ఆ కంపెనీ పేరు మంచిదా చెడ్డదా అని మొత్తంగా తేల్చాలని చూడకు. ఒక్కో ఘట్టం దగ్గర ఆగి, అప్పుడు విషయం ఎవరికి తెలుసు, తెలిసినవాళ్ళు ఎవరితో చెప్పారు, ఆ మాట విన్నవాళ్ళు ఏం చేశారు అని చూడు. ఇంజినీరుకు పనికొచ్చే చరిత్ర అదే.

అక్కడికి వెళ్ళగానే అందరూ నిన్ను ఆటోస్టాట్‌కు, అంటే కంపెనీ కొత్త కార్లు అప్పగించే సందర్శన కేంద్రానికి, తీసుకెళ్తారు. ఇరవై అంతస్తుల రెండు గాజు టవర్లు, ఒక్కో టవర్‌లో డెలివరీకి సిద్ధంగా నాలుగు వందల కార్లు. చూడముచ్చటగా ఉంటుంది, తప్పక చూడు. కానీ దానికంటే ముందు ఫ్యాక్టరీ లోపల, యుద్ధకాలపు బంకర్‌లో ఉన్న స్మారక ప్రదర్శన చూడు. బలవంతపు కూలీల జ్ఞాపకార్థం 1999లో ఏర్పాటు చేశారు. ముందుగా అడిగి సమయం తీసుకోవాలి, ఉద్యోగులకు అదేమీ కష్టం కాదు.

ఎందుకు ముందు అక్కడికి వెళ్ళమంటున్నానంటే, ఆ కంపెనీ, ఆ ఊరు రెండూ పుట్టింది నాజీ ప్రభుత్వం చేతుల మీదుగా. సామాన్యుడికి 990 మార్కులకే (మార్కు అంటే అప్పటి జర్మన్ కరెన్సీ) కారు అని హిట్లర్ ప్రభుత్వం ప్రకటించింది. ఫెర్డినాండ్ పోర్షె డిజైన్ చేశాడు. 1938 మే 26న హిట్లరే వచ్చి ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేశాడు. వారానికి 5 మార్కుల చొప్పున స్టాంపులు కొని పుస్తకంలో అంటించుకుంటూ పోతే కారు ఇస్తామన్నారు. మూడు లక్షల మందికి పైగా జనం కట్టారు. ఒక్కరికీ కారు అందలేదు. యుద్ధం రాగానే ఆ ఫ్యాక్టరీ సైన్యానికి జీపుల్లాంటి బండ్లు, వీ-1 ఎగిరే బాంబుల భాగాలు తయారు చేసింది. డబ్బు కట్టినవాళ్ళు కోర్టుల చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగాక 1961లో రాజీ కుదిరింది: కొత్త కారు ధరలో 600 మార్కుల వరకు తగ్గింపు, లేదా 100 మార్కుల నగదు.

ఆ యుద్ధకాలంలో అక్కడ పనిచేసినవాళ్ళలో ఎక్కువ మంది ఇష్టపడి వచ్చినవాళ్ళు కాదు. పోలండ్, సోవియట్ దేశాల నుంచి పట్టుకొచ్చినవాళ్ళు, యుద్ధ ఖైదీలు, కాన్‌సంట్రేషన్ క్యాంపు ఖైదీలు అందరూ కలిపి సుమారు ఇరవై వేల మంది. పక్కనున్న ర్యూయెన్ గ్రామంలో, ఆ కూలీ స్త్రీల పసిబిడ్డలను తల్లుల దగ్గర నుంచి లాక్కొచ్చి ఉంచిన కేంద్రం ఒకటుండేది. తిండి, వైద్యం సరిగా అందక మూడు వందల మందికి పైగా బిడ్డలు చనిపోయారు. దానికి బాధ్యుడైన ఫ్యాక్టరీ డాక్టరుకు బ్రిటిష్ సైనిక కోర్టు మరణశిక్ష వేసింది. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు చెయ్యి ఆడదు.

ఈ చరిత్రను బయటపెట్టడానికి కంపెనీ 1986లో హాన్స్ మోమ్‌సెన్ అనే పేరున్న చరిత్రకారుడికి పని అప్పగించింది. పదేళ్ళకు ఆ పరిశోధన పుస్తకంగా వచ్చింది. అయితే బతికున్న బాధితులకు డబ్బు ఇవ్వడానికి మాత్రం చాలాకాలం ఒప్పుకోలేదు. దావాలు పడ్డాక 1998లో రెండు కోట్ల మార్కుల నిధి పెట్టారు. సత్యం రాయించిన ఘనత, చెల్లింపులో చేసిన ఆలస్యం రెండూ ఆ కంపెనీవే. అక్కడి సహోద్యోగులతో ఈ విషయాలు మాట్లాడటానికి మొహమాట పడకు. నీ తరం జర్మన్లు స్కూల్లోనే ఇవన్నీ చదువుకుని వస్తారు, అడిగితే నిజాయితీగా మాట్లాడతారు. కాకపోతే భోజనాల దగ్గర తమాషాకు హిట్లర్ పేరు ఎత్తకు. మన దగ్గర కొందరు ఆలోచించకుండా వాడేస్తారు గానీ అక్కడ అది చాలా పెద్ద తప్పు.

యుద్ధం అయ్యాక కథ మలుపు తిరిగింది. ఆ భాగం తెలుసుకోవాలంటే తెరిచి ఉండే రోజు చూసుకుని డీజిల్‌స్ట్రాసె వీధిలో ఉన్న పాత కార్ల మ్యూజియానికి వెళ్ళు. బాంబులు పడి పైకప్పులు ఎగిరిపోయిన ఆ ఫ్యాక్టరీ 1945లో బ్రిటిష్ సైన్యం చేతికొచ్చింది. ఐవన్ హర్స్ట్ అనే మేజర్‌ను అక్కడికి పంపారు. ఆయన వయసు అప్పటికి ముప్పై దాటలేదు. అక్కడున్న ఒక కారుకు ఆకుపచ్చ రంగు వేయించి సైనిక కార్యాలయానికి పంపి చూపించాడు. ఇరవై వేల కార్ల ఆర్డర్ వచ్చింది. ఇంగ్లండ్ కార్ల కంపెనీలు ఈ బండి ఎవరూ కొనరని కొట్టిపారేశాయి. హర్స్ట్ మాత్రం తనిఖీ విభాగం పెట్టించాడు, సర్వీసు ఏర్పాట్లు చేయించాడు. 1947లో నెదర్లాండ్స్‌కు ఎగుమతి మొదలైంది. 1948లో హైన్రిష్ నోర్డ్‌హోఫ్ అధిపతిగా వచ్చాడు. అంతకు ముందు ఆయన ఓపెల్ కంపెనీలో మనిషి. బయటికి ఒకే రూపంలో కనిపించే కారుకు లోపల ఏటా ఎన్నో మార్పులు చేయిస్తూ, ఎక్కడ అమ్మినా అక్కడ సర్వీసు ఉండాలని పట్టుబట్టాడు. బీటిల్ అని పేరుపడ్డ ఆ కారు 1955 ఆగస్టులో పదిలక్షలవది బయటికొచ్చింది. 1972 ఫిబ్రవరి 17న, అత్యధికంగా తయారైన కారుగా ఫోర్డ్ మోడల్ టీకి ఉన్న రికార్డును దాటేశారు. చివరి బీటిల్ 2003 జూలై 30న మెక్సికోలోని ప్యూబ్లా ఫ్యాక్టరీలో తయారైంది. మొత్తం రెండు కోట్ల పదిహేను లక్షల పైచిలుకు. ఫోక్స్‌వాగన్ అంటే నమ్మకం అన్న పేరు ప్రకటనల కంటే ముందు ఆ సర్వీసు వల్లే వచ్చిందని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ విజయమే తర్వాత ప్రమాదమైంది. వెనక ఇంజిన్, గాలితో చల్లబడే పద్ధతి, అదే కారును పట్టుకుని చాలాకాలం ఉండిపోయారు. 1974లో ఎనభై కోట్ల మార్కులకు పైగా నష్టం. ఆ ఏడాదే వచ్చిన గోల్ఫ్, అంతకు ముందు ఏడాది వచ్చిన పసాట్ కార్లు వాళ్ళను బతికించాయి. ముందు ఇంజిన్, నీటితో చల్లబడే పద్ధతి, జోర్జెట్టో జుజారో గీసిన పదునైన ఆకారం. ఆ మార్పుకు కావలసిన అనుభవంలో కొంత ఆడి నుంచి వచ్చింది. ఆడిని 1960లలో డైమ్లర్-బెంజ్ నుంచి కొన్నారు.

ఇక మనుషుల సంగతి. అక్కడ కార్మికుల మాట బరువు మామూలు కంపెనీల్లో లేనంత. యాజమాన్యం పనిని పైనుంచి చూసే పర్యవేక్షక మండలిలో సగం మంది వాళ్ళ ప్రతినిధులే. లోవర్ సాక్సనీ రాష్ట్ర ప్రభుత్వానికి ఓటింగ్‌లో ఐదో వంతు ఉంది. 1993 చివర్లో గిరాకీ పడిపోయి ముప్పై వేల ఉద్యోగాలు పోయే పరిస్థితి వస్తే, ఎవరినీ తీసేయకుండా వారానికి 28.8 గంటల పని, అంటే నాలుగు రోజుల వారం తెచ్చారు. జీతం తగ్గింది, ఉద్యోగాలు మిగిలాయి. మా వీధిలోనే ఆ ఒప్పందంతో నిలబడిన ఇళ్ళున్నాయి. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ గౌరవం కలుగుతుంది.

ఆ ఒప్పందం వెనకున్న పీటర్ హార్ట్స్ అనే సిబ్బంది వ్యవహారాల డైరెక్టరే, కార్మిక నాయకులను కంపెనీ డబ్బుతో లోబరుచుకున్నారన్న కేసులో 2007లో శిక్ష పడ్డ మనిషి. ఆ కుంభకోణం 2005లో బయటికొచ్చింది. ఆ ఏడే మన విశాఖలో ఫోక్స్‌వాగన్ ఫ్యాక్టరీ అన్న మాట మీద, ప్రభుత్వ సొమ్ము పదకొండు కోట్ల రూపాయలకు పైగా ఒక డొల్ల కంపెనీకి వెళ్ళిన వ్యవహారం నీకు గుర్తుండకపోవచ్చు, అప్పుడు నువ్వు చిన్నపిల్లవి. గ్రూపులోని ఒక ఉన్నతాధికారి పేరు ఈ రెండు వ్యవహారాల్లోనూ వినిపించింది. చివరికి ఫ్యాక్టరీ పుణె దగ్గర చకన్‌లో 2009లో మొదలైంది. మన జిల్లాల్లో ఎంతమంది కుర్రాళ్ళు ఆ ఫ్యాక్టరీ మీద ఆశ పెట్టుకున్నారో నాకు తెలుసు.

డీజిల్ వ్యవహారాన్ని మాత్రం నువ్వు పాఠంలా చదవాలి. నువ్వు చేరబోతున్న విభాగం పని అదే కాబట్టి.

డీజిల్ పొగలో వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లు అనే విషవాయువులకు అమెరికాలో పరిమితి చాలా కఠినం. ఆ పరిమితి, మైలేజీ, ఫిల్టర్ల మన్నిక అన్నీ ఒకేసారి కుదరలేదు. కుదరలేదని పైకి చెప్పే బదులు, కారు పరీక్ష యంత్రం మీద ఉందో రోడ్డు మీద ఉందో కనిపెట్టే కోడ్ రాశారు. స్టీరింగ్ కదలిక, వేగం, ఎంతసేపు నడిచింది వంటివి చూసి, పరీక్ష అనుకుంటే కాలుష్య నియంత్రణ పూర్తిగా పనిచేస్తుంది, రోడ్డెక్కితే తగ్గిపోతుంది. దీన్ని పట్టుకున్నది వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయంలోని చిన్న బృందం. అందులో హేమంత్ కప్పన్న, అర్వింద్ తిరువెంగడం అని మన దేశం నుంచి వెళ్ళినవాళ్ళు ఇద్దరున్నారు. డిక్కీలో కొలిచే పరికరాలు పెట్టుకుని మామూలు రోడ్ల మీద నడిపారు. పసాట్‌ను లాస్ ఏంజిలిస్ నుంచి సియాటిల్ దాకా తీసుకెళ్ళారు. వాళ్ళు మోసం పట్టుకుందామని బయల్దేరలేదు. లెక్క కుదరకపోతే వదిలేయలేదు, అంతే.

2015 సెప్టెంబర్ 18న అమెరికా పర్యావరణ సంస్థ నోటీసు ఇచ్చింది. పరిమితికి 40 రెట్ల దాకా విషవాయువు వస్తోందని అందులో ఉంది. ప్రపంచమంతా కలిపి కోటీ పది లక్షల కార్లు. అధిపతి మార్టిన్ వింటర్‌కోర్న్ వారం తిరక్కముందే రాజీనామా చేశాడు. జరిమానాలు, పరిహారాలు కలిపి ముప్పై బిలియన్ యూరోలు దాటాయి. మన దేశంలో కూడా మూడు లక్షలకు పైగా కార్లను వెనక్కి పిలిచారు.

2017లో కంపెనీ అమెరికా కోర్టులో నేరం ఒప్పుకుంటూ ఇచ్చిన వాస్తవాల పత్రం ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. వీసా పనుల మధ్య ఓ సాయంత్రం పెట్టుకుని చదువు. ఆ కోడ్ మీద కొందరు ఇంజినీర్లు లోపల అభ్యంతరం చెప్పారని అందులో ఉంది. పై అధికారి కొనసాగించమన్నాడు, దొరక్కుండా చూసుకోమన్నాడు. విషయం బయటపడబోతున్న రోజుల్లో కొందరు కాగితాలు, ఫైళ్ళు చెరిపేశారు. జైలుకు వెళ్ళినవాళ్ళలో జేమ్స్ లియాంగ్ అనే ఇంజినీరు ఉన్నాడు, 40 నెలల శిక్ష. ఎప్పటినుంచో అక్కడ పనిచేస్తున్న మనిషి, డైరెక్టరేమీ కాదు. పైవాడు చెప్పాడు కదా అన్న మాట కోర్టులో అతన్ని కాపాడలేదు.

కాబట్టి మొదటి రోజు నుంచి ఇవి అలవాటు చేసుకో. నువ్వు చేసిన ప్రతి టెస్ట్ ఫలితం తేదీతో సహా కంపెనీ సిస్టమ్‌లోనే ఉండాలి. మీటింగ్‌లో నోటితో అభ్యంతరం చెబితే, అదే సాయంత్రం మర్యాదగా మెయిల్ పెట్టు: "నేను అర్థం చేసుకున్నది ఇది, నాకున్న సందేహం ఇది." అక్కడ దాన్ని ఎదురు మాట్లాడటంగా చూడరు, మంచి పనిగా చూస్తారు. మన పిల్లలకు పెద్దవాళ్ళ ముందు కాదనడం కష్టం. ఒకసారి చెప్పి జవాబు రాకపోతే ఊరుకుంటారు. నువ్వు ఊరుకోకు. టెన్షన్ పడి ఒక్కదానివే మోయకు కూడా. ఉద్యోగులు ఎన్నుకున్న కార్మిక మండలి ఉంది, ఫిర్యాదుల కోసం ప్రత్యేక వ్యవస్థ ఉంది, ఎవరిని కలవాలో మొదటి నెలలోనే తెలుసుకుని ఉంచుకో.

జర్మన్ భాష బీ2 స్థాయి దాకా, అంటే తడుముకోకుండా మాట్లాడేంత వరకు, నేర్చుకునే వెళ్ళు. మీటింగ్ ఇంగ్లీషులో జరిగినా, అసలు సంగతులు క్యాంటీన్‌లో జర్మన్‌లో నడుస్తాయి. ఆ క్యాంటీన్‌లో దొరికే కర్రీవుర్స్ట్ అనే మాంసపు సాసేజ్‌ను కంపెనీయే తయారు చేస్తుంది, దానికి కారు భాగాల్లాగే పార్ట్ నంబర్ కూడా ఉంది: 199 398 500 ఏ. నువ్వు మాంసం తినవు కాబట్టి రుచి చూడలేవు గానీ, ఆ సాసేజ్ గురించి అడిగితే పాత ఉద్యోగులు ఎంత సంబరంగా చెబుతారో చూడు. స్నేహాలు అక్కడే మొదలవుతాయి.

ఉద్యోగ భద్రత గురించి అక్క భయపడుతోంది. పూర్వంలా జీవితాంతం ఢోకా లేదని నేను చెప్పను. 2024లో మొదటిసారి జర్మనీలోనే ఫ్యాక్టరీలు మూసేద్దామన్న మాట వచ్చింది. డిసెంబర్ 20న ఒప్పందం కుదిరింది: బలవంతంగా ఎవరినీ తీయరు, కానీ 2030 నాటికి 35 వేల ఉద్యోగాలు తగ్గిస్తారు. ఎలక్ట్రిక్ కార్లు, చైనా పోటీ, సాఫ్ట్‌వేర్ ఆలస్యాలు అన్నీ కలిసి పడ్డాయి. నీ పని సాఫ్ట్‌వేర్ కాబట్టి అవకాశం ఉంది, అయినా ఒక్క ఇంజిన్ విభాగానికే అంటుకుని ఉండకు. రెండేళ్ళలో బ్యాటరీ వైపు పనిని కూడా చేతిలోకి తెచ్చుకో. ఐజీ మెటాల్ యూనియన్‌లో చేరు. జీతంలో ఒక శాతం చందా పోతుంది, పోనీ. ఏదైనా తగాదా వస్తే లాయరు సాయం వాళ్ళే చూస్తారు.

కాంట్రాక్టు కాగితం చేతికి రాగానే సంతకం పెట్టకుండా నాకు స్కాన్ పంపు. అది కంపెనీ సొంత వేతన ఒప్పందం కిందకు వస్తుందా, లేక గ్రూపులోని వేరే సంస్థ పేరు మీద ఉందా అన్నది మొదట చూడాలి, జీతంలోనూ భద్రతలోనూ తేడా చాలా ఉంటుంది. ప్రొబేషన్ ఆరు నెలలకు మించి రాసి ఉంటే అడగాలి. ఏ గ్రేడ్‌లో వేశారో కూడా చూసి చెబుతాను. ఇల్లు మాత్రం వోల్ఫ్స్‌బుర్గ్‌లోనే వెతకాల్సిన పని లేదు, బ్రౌన్‌ష్వైగ్‌లో మా ఇంటి పక్క వీధిలో అద్దెలు తక్కువ, రైల్లో అరగంట లోపే. అత్తయ్య ఇప్పటికే రెండు ఇళ్ళు చూసి పెట్టింది.

ప్రేమతో,
మామయ్య