వేరే పని చేసుకుంటే అవిశ్వాసమా?

అక్కా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ అబ్బాయికి 31 ఏళ్లు, ప్రభుత్వ టీచరు పోస్టుల పరీక్ష, 2018 డీఎస్సీ, కొద్దిలో పోయింది, మళ్లీ నోటిఫికేషన్ కోసం ఏళ్ల తరబడి చూసి చూసి 2025 మెగా డీఎస్సీ రాస్తే అదీ చేజారింది. ఇప్పుడు టెక్కలిలో ఒక ప్రైవేటు స్కూల్లో చేరతానంటున్నాడు. సంఘంలో కొందరేమో దేవుని మీద ఆనుకున్నాక వేరే దారి చూసుకోవడం అవిశ్వాసం అంటున్నారు. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో పక్కింటావిడ తన కొడుక్కి పోస్టు వచ్చిందని సాక్ష్యం చెబుతుంటే అందరితోపాటు చప్పట్లు కొట్టి, బయటికొచ్చి చెప్పులు వెతుక్కుంటూ ఏడ్చేశానని రాశారు.

ముందు ఆ ఏడుపు సంగతి. అది పాపం కాదు అక్కా. 13వ కీర్తన తీసి చూడండి, మొదటి రెండు వచనాల్లోనే దావీదు నాలుగుసార్లు ఎంతకాలం, ఎంతకాలం అని అడుగుతాడు. నమ్మినవాడే అలా నిలదీస్తాడు, నమ్మనివాడికి అడగడానికి ఎవరున్నారు? మీరూ అడగండి. సాక్ష్యం చెప్పేవాళ్లే లేచి నిలబడతారు కాబట్టి వాళ్లే కనిపిస్తారు, ఇంకా ఎదురుచూస్తున్నవాళ్లు మీలాగే చాప మీద తల వంచుకుని కూర్చుంటారు, వాళ్ల ప్రార్థన దేవుడు వినలేదని ఎవరన్నారు?

ఇక అసలు ప్రశ్న. మన బైబిల్లో దేవుని కోసం ఎదురుచూడడాన్ని 'కనిపెట్టుకొని యుండుట' అంటారు కదా, ఆ మాట నాకు మా నాన్న వల్ల అర్థమైంది. మాది వంశధార ఎడమ కాలువ కింద శివారు పొలం. గొట్టా బ్యారేజీ దగ్గర నీళ్లు వదిలారని కబురొచ్చాక కూడా మా మళ్లకు ఎప్పుడొస్తాయో తెలిసేది కాదు. నాన్న ఇంట్లో పడుకునేవాడు కాదు, పార భుజాన వేసుకుని పోయి పిల్లకాలువలో తుక్కు తీసి, గట్టుకి పడ్డ గండ్లు పూడ్చి, అర్ధరాత్రి దాకా అక్కడే ఉండేవాడు. నీళ్లు తేవడం ఆయన చేతిలో లేదు, గట్టు మాత్రం ఆయన చేతిలోనే ఉంది. యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో ఓపికకు రైతునే చూపించడం ఊరికే కాదనిపిస్తుంది నాకు.

ఇంకోటి. వరి కోతకు నాలుగు రోజుల ముందే అందులో పెసలు, మినుములు చల్లేస్తాం, ఆ పదునుకే మొలిచేస్తాయి. అవి చల్లామని వరి మీద ఆశ వదులుకున్నట్టా? స్కూల్లో చేరడమూ అంతే. బైబిల్లో యోసేపును 17 ఏళ్ల వయసులో అన్నలు అమ్మేస్తే ఐగుప్తు రాజు ఫరో ముందు నిలబడేసరికి 30 ఏళ్లు, చెరలో తోడున్న పానదాయకుడు, అంటే రాజుకు గిన్నె అందించేవాడు, విడుదలై మరచిపోయాక కూడా చెరలో రెండేళ్లు గడిచాయి, అయినా ఆ చెరసాలలో అప్పగించిన పని మానలేదు, నన్ను గుర్తుపెట్టుకోమని మనిషిని అడగడానికీ మొహమాటపడలేదు. అందుకే మీవాణ్ణి వెళ్లనివ్వండి. పాఠం చెబుతూ ఉంటే సబ్జెక్టూ చేజారదు. టీచరు అర్హత పరీక్ష టెట్ మార్కులకు డీఎస్సీలో 20 శాతం వెయిటేజీ ఉంది, స్కోరు తక్కువుంటే టెట్ మళ్లీ రాయమనండి.

మూడు లక్షలిస్తే పోస్టు ఇప్పిస్తానన్న మనిషి గురించి రాశారు. ఒక్క రూపాయి ఇవ్వకండి, మళ్లీ ఇంటికొస్తే గుమ్మం దగ్గర్నుంచే పంపించేయండి.

నాకు టెన్షన్ పెట్టింది మీరు చివర్లో రెండు ముక్కల్లో రాసిన సంగతి: రాత్రిళ్లు నిద్రపోవడం లేదు, అన్నం సగంలో వదిలేస్తున్నాడు, ప్రార్థనకు రమ్మంటే తలుపు వేసుకుంటున్నాడు. దాన్ని విశ్వాసం తగ్గిందని కొట్టిపారేయకండి. అబ్బాయి బాగా నలిగిపోయాడు. 14416 టెలీ మానస్ నంబరు, మనసు బాగోలేనివాళ్లకు ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం, ఏ వేళైనా ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు, మాట్లాడమని చెప్పండి, చనిపోవాలనే మాట వాడి నోట వస్తే మాత్రం ఒంటరిగా వదలకుండా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ప్రార్థనకు బలవంతం వద్దు, కొన్నాళ్లు వాడి వంతు కూడా మీరే చేయండి.

మీ బైబిల్లో 37వ కీర్తన దగ్గర దాచానని రాసిన వాడి పాత హాల్ టికెట్ అక్కడే ఉండనివ్వండి. స్కూల్లో చేరే రోజు పొద్దున్నే లేచి క్యారేజీ కట్టండి, వాడు ఒప్పుకుంటే నెత్తి మీద చెయ్యి పెట్టి, పోస్టు మాట ఎత్తకుండా, ఆ ఒక్కరోజు కోసం ప్రార్థన చేసి పంపండి.