క్యాప్స్ లాక్‌తో ఆటపట్టించే యూఎస్‌బీ బొమ్మ కొనొచ్చా?

విజయనగరం ఆఫీసులో పక్క సీటు ఆయన్ని ఏడిపించడానికి, దానంతటదే క్యాప్స్ లాక్ మార్చి పిచ్చి అక్షరాలు కొట్టే యూఎస్‌బీ బొమ్మ కొనొచ్చా అని అడిగారు. కొనకండి, చేసుకోండి. గంటస్తంభం చుట్టూ షాపులన్నీ తిరగడం కూడా దండగ. వీటిలో పేరుపడ్డది ఫాంటమ్ కీస్ట్రోకర్. దాన్ని అమ్మిన థింక్‌గీక్ సైటు 2019లోనే గేమ్‌స్టాప్ అనే అమెరికా గేముల షాపుల సంస్థలో కలిసిపోయింది. ఏటీటైనీ85 చిప్పున్న డిజిస్పార్క్ బోర్డు (యూఎస్‌బీలో గుచ్చితే కీబోర్డులా నటించగల బుల్లి సర్క్యూట్) ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే చాలు.

బోర్డుకి ప్రోగ్రామ్ రాసి ఎక్కించే సాఫ్ట్‌వేర్ ఆర్డ్యునో. అందులో ముందు అప్‌లోడ్ నొక్కాలి, ఆ తర్వాతే బోర్డు గుచ్చాలి. అందుకు 60 సెకన్లు టైమిస్తుంది. ముందే గుచ్చేసి 'బోర్డు పాడైపోయింది' అనుకునేవాళ్లే ఎక్కువ. క్యాప్స్ లాక్ కోడు 0x39. అది పంపిన వెంటనే సున్నా కూడా పంపాలి, లేకపోతే మీట నొక్కి పట్టుకున్నట్టే ఉండిపోతుంది, రెండోసారి మారదు. కాసేపు ఆగమని చెప్పడానికి మామూలు డిలే వాడితే యూఎస్‌బీ తెగిపోతుంది, ఈ బోర్డు కీబోర్డులా పనిచేయడానికి వాడే డిజికీబోర్డ్ లైబ్రరీలో ఉన్న డిలేనే వాడాలి.

అందరూ బోల్తా పడేది ఇక్కడ. డిలేకి టైము మిల్లీసెకన్లలో చెప్పాలి కాబట్టి, పది నిమిషాలకి 10*60*1000 అని రాస్తారు. ఈ చిప్పులో మామూలు పూర్ణాంకం 16 బిట్లే. 6,00,000 అందులో పట్టదు, పొంగిపోయి 10,176 మిగులుతుంది. అంటే పది నిమిషాలు కాస్తా పది సెకన్లవుతాయి, ఐదు నిమిషాల్లో ఎవరైనా పట్టేస్తారు. 1000 పక్కన ఎల్ పెడితే (1000L) పెద్ద సంఖ్యగా లెక్కేస్తుంది, సరిపోతుంది. 8 నుంచి 20 నిమిషాల మధ్య ఎప్పుడు పడితే అప్పుడు మారేలా పెట్టండి. బొమ్మ పని చేసేది ఆ అంతు దొరకని గ్యాప్ వల్లే.

పిచ్చి అక్షరాలు మాత్రం వద్దే వద్దు. బొమ్మ పంపేది అక్షరం కాదు, మీట నంబరు. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు లేఅవుట్ ఆన్‌లో ఉంటే హెచ్, జే, కే, ఎల్ మీటలకి అర్జీ మధ్యలో 'పరకత' అని పడుతుంది. అది చూస్తే తెలుస్తుంది, దిద్దుకుంటారు. ఎక్సెల్‌లో అలా కాదు. కర్సరున్న గడిలో ఒక్క అక్షరం పడినా పాత అంకె పోతుంది, చూసుకోకుండా ఎంటర్ కొడితే ఇక అంతే. జీతాల పట్టీలో అలా జరిగితే నెలాఖరున ఎవరు వెతుకుతారు? వీటిని అమ్మేవాళ్లు ఈ ముక్క ఎక్కడా రాయరు, అదే నాకు మంట. క్యాప్స్ లాక్ ఒక్కటైతే ఉన్న డేటా చెడదు. పాస్‌వర్డ్ దగ్గర తప్పితే, చుక్కలే కనిపిస్తాయి కాబట్టి కాసేపు తికమక, అంతే. మూడు నాలుగు తప్పులకే అకౌంట్ లాకయ్యే ఆఫీసైతే అదీ వద్దు.

ఇంకోటి. ప్రతి మీటా కంప్యూటర్‌కి 'మనిషి ఉన్నాడు' అని చెబుతుంది. 15 నిమిషాలకి లాక్ పడాల్సిన స్క్రీన్ పదో నిమిషంలో క్యాప్స్ లాక్ వస్తే తెరిచే ఉంటుంది. టీకి లేచేటప్పుడు విండోస్, ఎల్ మీటలు నొక్కి వెళ్లే అలవాటున్న మనిషికే పెట్టండి, ఆ సాయంత్రమే తీసేయండి.