షోన్‌బ్రున్ ఒక్క పూటలో అవుతుందా?

వియన్నాలో ఒక్క పూటే ఉంది, అమ్మకి మోకాళ్ల నొప్పులు, షోన్‌బ్రున్ ప్యాలెస్ కుదురుతుందా అని అడిగారు కదా, శుభ్రంగా కుదురుతుందండి. టికెట్ మీద లోపలికి వెళ్లే టైమ్ వేసి ఉంటుంది కాబట్టి ముందే ఆన్‌లైన్‌లో పొద్దుటి స్లాట్ తీసుకోండి. వేసవిలో అక్కడికెళ్లి కొందామంటే టెన్షనే. యూ4 మెట్రోలో షోన్‌బ్రున్ స్టేషన్‌లో దిగండి, అక్కణ్ణుంచి కొద్దిపాటి నడకే. 1,441 గదులని విని కంగారు పడొద్దు, చూపించేది 40 దాకానే. అద్దాల హాల్లో మాత్రం కాసేపు ఆగండి. తర్వాత గొప్ప సంగీతకారుడైన మోట్సార్ట్ 1762లో ఆరేళ్ల పిల్లాడిగా మహారాణి మరియా థెరీసా ముందు వాయించింది ఇక్కడేనంటారు. పార్కుకి టికెట్ లేదు. వెనక గుట్ట మీది గ్లోరియెట్ అనే మండపం దాకా అంతా ఎక్కుడే, అమ్మగారిని కింద నెప్ట్యూన్ ఫౌంటెన్ దగ్గరే ఆపి మీరు ఎక్కి రండి. జూ అంటారా, ఈసారికి వదిలేయండి.