అమ్మకు కీమో రోజుల్లో వాంతులు ఆగాలంటే

చి. అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో మొదటి విడత కీమో మందు ఎక్కించుకుని అమ్మ నరసన్నపేట చేరిందని, ఆ రోజు బాగానే ఉండి మూడో రోజు వాంతులు పట్టుకున్నాయని చెప్పావు. కంగారు పడకు. సిస్ప్లాటిన్ వంటి కీమో మందుల తీరే అంత. ఆసుపత్రిలో ఇచ్చిన ఇంజెక్షన్ల బలం తగ్గాక రెండో రోజో మూడో రోజో వికారం మళ్లీ లేస్తుంది. నాలుగైదు రోజులు ఉండవచ్చు.

అందుకే ఇంటికి రాసిచ్చిన మాత్రలు వాంతి వచ్చేదాకా దాచుకునేవి కావు, రాకముందే వేళకు వేసుకోవలసినవి. "బాగానే ఉన్నాను కదా, ఇన్ని మాత్రలెందుకు" అంటుంది అమ్మ. మీ పెద్దనాన్న కూడా తన కీమో రోజుల్లో అదే అనేవారు. ఒప్పుకోకు. వాంతులు మొదలయ్యాక మాత్ర కడుపులో నిలవదు. వాంతులు ఆపే అప్రెపిటెంట్, డెక్సామెథసోన్ రాసి ఉంటే రాసినన్ని రోజులూ వేయించు. ఓలాంజపిన్ మానసిక జబ్బులకు వాడే మందని ఎవరైనా అంటే బెదిరిపోయి మానేయవద్దు. తక్కువ మోతాదులో అది వాంతులను బాగా ఆపుతుంది. మగత మాత్రం ఉంటుంది, రాత్రి అమ్మ లేచినప్పుడు చెయ్యి పట్టుకో. వాంతులకే ఇచ్చే ఒండాన్‌సెట్రాన్‌తో మలబద్ధకం వస్తుంది, దానివల్ల వికారం ఇంకా పెరుగుతుంది. మొహమాటపడకుండా డాక్టరుకు చెప్పండి. మాత్ర వేసిన కాసేపటికే వాంతిలో పోతే, మళ్లీ వేయాలో వద్దో ఫోను చేసి అడుగు.

ఇక వంటిల్లు. సగం బాధ అక్కడి వాసనలతోనే. ఇంగువ పోపు చిటపటలు వినబడగానే మీ పెద్దనాన్న దుప్పటి ముఖం మీదకు లాక్కునేవారు. ఆ వారం ఎండుచేపలు, వేపుళ్లు ఇంట్లో వద్దు. అన్నం చల్లారాక పెట్టు, వాసన తగ్గుతుంది. ఒక ఇడ్లీ, గుప్పెడు మరమరాలు, పలుచని చోడి (రాగి) అంబలి, రెండు గంటలకోసారి కొంచెం కొంచెంగా ఇవ్వు. అంబలి అప్పటికప్పుడు కాచిందే కావాలి, రాత్రి పులియబెట్టింది వద్దు. ఈ రోజుల్లో రక్తంలో క్రిములతో పోరాడే తెల్లకణాలు తగ్గుతాయి, ఇన్ఫెక్షన్ తొందరగా పట్టుకుంటుంది. నీళ్లు తిండితో పాటు కాకుండా మధ్యలో చెంచాలతో పట్టించు. తిన్న వెంటనే పడుకోనివ్వకు. అమ్మకు ప్రాణమైన ఆవ పెట్టిన పనసపొట్టు కూర ఇప్పుడు చేయకు. వికారంలో తిన్న కూర మీద తర్వాత విరక్తి పుడుతుంది, అది త్వరగా పోదు.

వచ్చే విడతకు ఆసుపత్రి గేటు చూడగానే కడుపులో తిప్పవచ్చు. అది ఉత్త భయమని ఎవరూ అమ్మను కసరకండి, చాలామందికి జరిగేదే. ముందుగా చెబితే దానికీ మాత్ర ఇస్తారు. ఏ రోజు ఎన్నిసార్లు వాంతి అయిందో పుస్తకంలో రాసి డాక్టరుకు చూపించు. అది చూసి మందులు మారుస్తారు, వాంతులు భరించి తీరాలన్న నియమమేమీ లేదు.

రోజంతా నీళ్లు కూడా నిలవకపోయినా, మూత్రం ముదురు రంగులో కొద్దిగానే వచ్చినా, వాంతిలో రక్తం కనిపించినా ఆలస్యం చేయకు. జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే పారాసిటమాల్ వేసి తెల్లవారేదాకా చూడవద్దు. అర్ధరాత్రయినా ఫోను చేసి, దగ్గరలో ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్లు.

రెండో విడత తేదీ చెప్పు. ఆ వారం నేను వచ్చి ఉంటాను, వంట నాకు వదిలేయ్.

మీ పెద్దమ్మ