సైట్‌కి మొబైల్ మార్కు 38, ఆర్డర్లు సున్నా

ప్రశ్న: వరంగల్ కొత్తవాడలో మాది దర్రీల దుకాణం. పోయిన ఏడాది వెబ్‌సైట్ చేయించాం. సైట్ వేగానికి వందకి మార్కులేసే గూగుల్ వాళ్ల పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో చూస్తే కంప్యూటర్‌కి 91, మొబైల్‌కి 38 వచ్చింది. చేసిన అబ్బాయేమో తన ల్యాప్‌టాప్‌లో బాగానే వస్తోందని, నెలకి వేలమంది చూస్తున్నారని అంటున్నాడు. ఆర్డర్లు మాత్రం లేవు. సైట్ బాగున్నట్టా, లేనట్టా?

జవాబు: బాగాలేదండీ. కొనేవాళ్లలో ఎక్కువమంది చూసేది ఫోన్‌లోనే కాబట్టి ఆ 91ని పక్కన పెట్టేయండి. అలాగని 38 చూసి టెన్షన్ పడాల్సిన పని కూడా లేదు, అది మామూలు ఫోను, నెమ్మది 4జీ ఉన్నట్టు ఊహించుకుని అప్పటికప్పుడు చేసే పరీక్ష, కాసేపాగి చేస్తే ఇంకో అంకె వస్తుంది. అదే పేజీలో పైభాగాన గత 28 రోజుల్లో క్రోమ్‌లో మీ సైట్ చూసిన అసలు మనుషుల లెక్క ఉంటుంది, చూడాల్సింది అది. అక్కడ సరిపడా డేటా లేదని వస్తే, నెలకి వేలమంది అన్న మాటని కూడా కాస్త అనుమానించండి. అందులో బాట్‌లు, అంటే మనుషులు కాకుండా వాటంతటవే సైట్లు తెరిచే ప్రోగ్రాములు ఉండొచ్చు, సైట్ చేసినవాళ్లు, మీ ఇంట్లోవాళ్లు తెరిచినవీ ఉండొచ్చు.

ఆ లెక్కలో ఎల్‌సీపీ అని ఒకటుంటుంది, అంటే తెరమీద కనిపించే పెద్ద బొమ్మో రాతో రావడానికి పట్టే సమయం. 2.5 సెకన్లలోపు ఉంటే మంచిది, 4 దాటితే బాగాలేనట్టే. చేనేత దుకాణాల సైట్లలో ఇది పాడవడానికి ముఖ్య కారణం ఫొటోలు. కెమెరాలో తీసిన 5, 6 ఎంబీల ఫొటోని ఉన్నదున్నట్టు ఎక్కించేస్తారు, హోమ్ పేజీలో అలాంటివి ఇరవై ఉంటే జనగామ దగ్గర రైల్లో కూర్చున్న మనిషి ఎంతసేపని చూస్తాడు? వెడల్పు 1200 పిక్సెల్స్‌కి తగ్గించి వెబ్‌పీ అనే తేలికైన ఫొటో ఫైల్ రకంలో సేవ్ చేస్తే చాలావరకు 200 కేబీ దగ్గరికి వచ్చేస్తాయి. నేత దగ్గరగా చూడాలనుకునేవాళ్లకి పెద్ద ఫొటో నొక్కితేనే తెరుచుకునేలా పెట్టించండి. కిందున్న ఫొటోలు అక్కడిదాకా జరిపినప్పుడే లోడ్ కావాలి, మొదటి ఫొటోకి మాత్రం ఆ పద్ధతి వద్దు, అది ఇంకా ఆలస్యమవుతుంది.

వేగం ఒక్కటే సరిపోదు. దర్రీలు కొనే వయసున్న బంధువెవరికైనా, వాళ్ల ఫోన్‌లోనే, వైఫై ఆపేసి సైట్ ఇచ్చి, ఫలానా సైజు ధరెంతో కనుక్కుని మీకు ఫోన్ చేయమనండి. మీరు పక్కనే ఉండండి కానీ నోరు విప్పొద్దు. ఎక్కడ ఆగారో అక్కడే మీ ఆర్డరు పోతోంది!

సైట్‌కి వచ్చినవాళ్లని లెక్కేసే గూగుల్ అనలిటిక్స్‌లో ఎంతమంది వచ్చారన్నది కాదు, ఎంతమంది వాట్సాప్ బటన్ నొక్కారన్నది అడగండి. మామూలు సెట్టింగ్స్‌లో బయటి లింకుల క్లిక్‌లు దానంతటదే లెక్కేస్తుంది, ఫోన్ నంబరు మీద నొక్కినవి మాత్రం విడిగా పెట్టించాలి, ఇది చాలామంది వదిలేస్తారు. గూగుల్‌లో వెతికినప్పుడు మీ సైట్ ఎలా కనిపిస్తోందో చూపించే సెర్చ్ కన్సోల్ కూడా తెరిపించండి. వరంగల్ దర్రీలకి 2018లోనే జీఐ, అంటే ఫలానా ఊరి సరుకన్న భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ పేరుతో వెతికినవాళ్లకి మీ సైట్ అసలు కనిపిస్తోందో లేదో అక్కడ తెలుస్తుంది. కనిపించినా నొక్కడం లేదంటే పేజీ శీర్షిక మార్చాలి.

ముందు ఫొటోలు మార్పించండి. అసలు మనుషుల లెక్క పూర్తిగా మారడానికి 28 రోజులు పడుతుంది కాబట్టి రోజూ తెరిచి చూడకుండా నెలాగి చూడండి, ఆ అబ్బాయికి మిగతా డబ్బులు ఇవ్వాల్సి ఉంటే అప్పుడే ఇవ్వండి.